పూలు లేని పూల్!

రోజూ వెళ్లే దారే. రోజూ ఎక్కే బస్సే. అయినా ఒక్కసారి కిటికీలోంచి సరిగ్గా చూస్తే చాలు... స్టాపుకో వింత చూపిస్తుంది హైదరాబాద్!

'లక్డీకాపూల్... లక్డీకాపూల్... దిగేటోళ్లు ముందుకు రావాలె!'

సిటీ బస్సులో కండక్టరమ్మ కేక. కిటికీ పక్కన కూర్చున్న ఏడెనిమిదేళ్ల పాప గబగబా బయటికి తొంగిచూసింది. మెట్రో స్తంభాలు, ఆసుపత్రుల బోర్డులు, అడ్డదిడ్డంగా ఆగిన ఆటోలు.

'అమ్మా... పూలేవీ?'

చుట్టుపక్కల సీట్లన్నీ ఘొల్లుమన్నాయి. వెనక సీట్లోని పెద్దాయన నవ్వాపుకొని సర్దిచెప్పాడు. 'పూలు కాదు బేటా, పుల్. అంటే వంతెన. లక్డీ అంటే కట్టె. కట్టె వంతెన అన్నట్టు.'

'మరి కట్టె వంతెన ఏది తాతా?'

ఈసారి ఎవరూ నవ్వలేదు. రోజూ ఆ స్టాపులో ఎక్కి దిగేవాళ్లు కూడా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అసలా ప్రశ్న వాళ్లకెప్పుడూ రాలేదు మరి! పెద్దాయన మాత్రం ఓ క్షణం ఆలోచించి చెప్పాడు... 'ఉండె బేటా. పర్సోం దాకా ఉండె!'

మొన్న అంటే ఎప్పుడు?

ఉర్దూలో 'పర్సోం' అంటే మొన్న. ఎల్లుండినీ అదే మాటతో చెప్పొచ్చు. కానీ హైదరాబాదీ పర్సోం లెక్కే వేరు. 'పర్సోం మా ఇంట్లో పెళ్లయింది' అన్నారంటే అది పోయిన వారం కావచ్చు, అయిదేళ్ల కిందట కావచ్చు, ఆ పెళ్లికూతురు ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లీ కావచ్చు. జరిగిపోయిన కాలమంతా ఇక్కడ మొన్నే! కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడతారు. కొన్నాళ్లకు వాళ్లూ అదే మాట వాడటం మొదలుపెడతారు.

కొత్తవాళ్లకూ పిల్లలకూ ఉండే వరం ఇదే. అన్నీ వింతగానే కనిపిస్తాయి. తలకు పెట్టుకోవాల్సిన హెల్మెట్‌లో టమాటాలు వేసుకొచ్చే పెద్దమనిషి, రోడ్డు మధ్యలో పడుకుని ట్రాఫిక్‌ని రెండుగా చీల్చే ఆవు... అన్నీ ఆగి చూస్తారు. ఆర్నెల్లు గడిచాయా, అంతే! చూపు సిగ్నల్ లైటుకీ సెల్‌ఫోనుకీ మధ్యే తిరుగుతుంటుంది.

సున్నా రూపాయల టికెట్

పాప చేతిలో ఓ టికెట్ భద్రంగా ఉంది. దాని ధర సున్నా! 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు, బాలికలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచీ బస్సుల్లో కనిపిస్తున్న ముచ్చట ఇది. డబ్బులివ్వక్కర్లేదు, కానీ టికెట్ తీసుకోవాల్సిందే. ఎంతమంది ఎక్కారో లెక్క తేలాలి కదా. అందుకే 'అమ్మా, టికెట్ తీస్కోండి' అని కండక్టర్ బతిమాలడం, 'ఫ్రీయే గదా' అని ప్రయాణికురాలు ఆశ్చర్యపోవడం! డబ్బులిచ్చి కొన్న టికెట్‌ను నలిపి పారేసే మగవాళ్ల మధ్య, సున్నా టికెట్‌ను మడతపెట్టి పర్సులో దాచుకునే అమ్మలు కనిపిస్తారు.

అడక్కుండానే ప్లేటు

బస్సు నాంపల్లి దారి పట్టింది. ఈ వైపు రోడ్ల మీద అక్కడక్కడా ఇరానీ హోటళ్లు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు బొంబాయి, పుణెలలో నిలదొక్కుకుని ఇటూ వచ్చి పెట్టినవి. పాలరాతి బల్లలు, వాటి చుట్టూ కొయ్య కుర్చీలు. కొత్తగా వెళ్లినవాళ్లకు అక్కడ మొదట ఎదురయ్యేది ఓ చిన్న కంగారు. ఇంకా ఏమీ చెప్పకముందే బల్లమీద సమోసాల ప్లేటో బిస్కెట్ల ప్లేటో వచ్చి కూర్చుంటుంది! 'మేం చెప్పలేదే' అనక్కర్లేదు. తిన్నన్ని తినాలి. లేచేటప్పుడు మిగిలినవి లెక్కపెట్టి, తిన్నవాటికే డబ్బులు తీసుకుంటారు. రసీదు లేదు, రాతకోతల్లేవు. అంతా నమ్మకం.

చాయ్‌దీ ఓ తమాషానే. డికాక్షన్ ఒక పాత్రలో సన్నని సెగమీద గంటలకొద్దీ మరుగుతుంటుంది. పాలు ఇంకోచోట చిక్కబడుతుంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఇద్దరు స్నేహితులు వస్తే 'వన్ బై టూ' అంటారు. ఒక చాయ్ రెండు కప్పులవుతుంది, కబుర్లు మాత్రం సగం కావు. పక్కన నంజుకునే ఉస్మానియా బిస్కెట్‌లో చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరుంది. నాలుగైదు రూపాయల బిస్కెట్ మీద ఒకనాటి ప్రపంచ కుబేరుడి పేరు!

ఈ హోటళ్లు ఒకటొకటిగా తగ్గిపోతున్నాయి. మూలమీద చాయ్ హోటల్ ఉండాల్సిన చోట ఓ రోజు హఠాత్తుగా షట్టర్ కనిపిస్తుంది. 'అరె, పర్సోం దాకా ఉండెనే' అనుకుంటారు దారినపోయేవాళ్లు. అంతకుముందు ఎన్నిసార్లు అటు తిరిగి చూశారో మాత్రం గుర్తుండదు.

ఆబిడ్స్‌లో ఆబిడ్ లేడు

'ఆబిడ్స్... ఆబిడ్స్!'

ఆబిడ్ ఎవరు? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్. ఆయన ఇక్కడో దుకాణం పెట్టాడు. దుకాణమూ లేదు, ఆయనా లేడు. పేరు మాత్రం రోజూ కొన్ని వందల మంది కండక్టర్ల నోట మోగుతూనే ఉంది. మూసారాంబాగ్‌దీ అదే కథ. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోయాడు. ఆ పేరే జనం నాలుక మీద అరిగి అరిగి మూసారాం అయిందంటారు. సికింద్రాబాద్‌లో సంగీత్ థియేటర్‌ను ఎప్పుడో పడగొట్టారు. అయినా ఆటోవాలాకి 'సంగీత్ చౌరస్తా' అంటే చాలు, తిన్నగా తీసుకెళ్లి దింపుతాడు. ఈ ఊళ్లో కట్టడాలకంటే పేర్లకే ఆయుష్షు ఎక్కువ!

ఆబిడ్స్‌కు వారానికోసారి వేషం మార్చడం కూడా తెలుసు. ఆరు రోజులు బట్టలు, చెప్పుల దుకాణాలతో కిటకిటలాడే రోడ్డు ఆదివారం వచ్చేసరికి గ్రంథాలయమైపోతుంది. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు. ఎంసెట్ గైడు పక్కన షేక్‌స్పియరు, వంటల పుస్తకం మీద వైద్యశాస్త్రం. మొదటి పేజీలో ఎవరిదో చేతిరాత... 'పుట్టినరోజు శుభాకాంక్షలతో'! ఎవరు ఎవరికిచ్చారో, ఏ ఇల్లు మారేటప్పుడు తూకానికి వేశారో!

నిలబడ్డ చెట్టు

కోఠి దాటి బస్సు అఫ్జల్‌గంజ్‌లో ఆగింది. తల్లీకూతుళ్లు దిగారు. తల్లి చేతిలో టిఫిన్ క్యారియర్. ఉస్మానియా ఆసుపత్రిలో ఉన్న మనిషి కోసం. ఆమెకు వింతలు చూసే తీరికెక్కడిది? పాప చేయి పట్టుకుని వడివడిగా నడుస్తోంది. పెద్దాయనా అక్కడే దిగాడు. ఆవరణలోని ఓ ముసలి చింతచెట్టు దగ్గర ఆగి పాపను పిలిచాడు.

1908 సెప్టెంబరు 28. మూసీ పొంగింది. వేలమంది ప్రాణాలు పోయాయి. ఆరోజు దాదాపు 150 మంది ఈ చింతచెట్టు ఎక్కి బతికారు. ఆ వరద దెబ్బకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాల ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరం రూపురేఖలే మారిపోయాయి. చెట్టు మాత్రం ఉన్నచోటే ఉంది. ఏటా సెప్టెంబరు 28న కొందరు వచ్చి దాన్ని తలచుకుంటారు. మిగతా రోజుల్లో దాని పక్కనుంచి వెళ్లే వేలమందికి అదో చెట్టు, అంతే.

పెద్దాయన కథంతా చెప్పలేదు. 'పెద్ద వరదొచ్చింది బేటా. నూటయాభై మందిని ఈ చెట్టు పట్టుకుంది' అన్నాడు.

'ఎప్పుడు తాతా?'

'పర్సోం!'

పాప తలెత్తి పైకి చూసింది. కొమ్మలు లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేసింది. తర్వాత దగ్గరికెళ్లి చెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించింది. పూల్‌లో పూలు లేవు, వంతెన లేదు, ఆబిడ్స్‌లో ఆబిడ్ లేడు. ఈ ప్రయాణంలో ఆ పిల్ల అడిగినవేవీ దొరకలేదు.

'అమ్మా, ఇది మాత్రం నిజంగా ఉంది!'

తొందరగా వెళ్లాల్సిన ఆ తల్లి క్యారియర్‌ను రెండో చేతికి మార్చుకుంది. ఒక్క నిమిషం ఆగి, తనూ తలెత్తి చూసింది.