పద్దెనిమిది వందల డిస్కు

ఖుర్సీపార్‌లో మనవాళ్ల పెళ్లంటే తెలుగు శుభలేఖ ఉండాల్సిందే. భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మావి. పిల్లలు బడిలో హిందీ చదివినా, ఊళ్లో ఉన్న పెద్దలకు వెళ్లే కార్డు తెలుగులోనే వెయ్యాలి. ఆ కార్డులు కంపోజ్ చెయ్యడం నా పని. 2012లో ప్లాంటు నుంచి రిటైరైన నాన్న కొనిచ్చిన డెస్క్‌టాప్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, అంతే నా పెట్టుబడి.

2024 జనవరిలో, మాఘమాసం ముహూర్తాలకు నెల ముందు, ఆ డబ్బాలోంచి టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. మర్నాడు విండోస్ తెరుచుకోలేదు. పవర్‌హౌస్ బజారులో మెకానిక్ చెవి దగ్గర పెట్టుకుని విని, "హెడ్ పోయింది దీదీ, మళ్లీ దీనికి కరెంటు పెట్టకండి. తిరిగేకొద్దీ ప్లేటు గీసుకుపోతుంది" అన్నాడు.

నేను చేసిన తప్పు 2012 నాటిది. అంతకు ముందు ఏడాది థాయ్‌లాండ్ వరదల్లో హార్డ్‌డిస్క్ ఫ్యాక్టరీలు మునిగి ధరలు బాగా పెరిగాయి. కాపీకోసం రెండో డిస్కు తీసుకోమని అమ్మినతను చెబితే, ధర దిగాక చూద్దామన్నాను. ధర దిగింది. నేను కొనలేదు. ఏటా ఆ డిస్కుకయ్యే నాలుగు వేలు పండగ బట్టలకో, స్కూటీ టైరుకో పోయేవి.

"ఏటమ్మా, మొత్తం మార్చీమంటన్నాడా?" అన్నాడు నాన్న. కొత్త కంప్యూటర్‌కు 32,000 చెప్పారు, వాయిదాల మీద. నాకు ఆ రోజుల్లో కార్డుకు 250 వచ్చేది. అంటే 128 కార్డుల సంపాదన. పైగా నా పాత పేజ్‌మేకర్ కొత్త విండోస్ మీద ఎలా నడుస్తుందో సీజన్ మధ్యలో తేల్చుకునే ధైర్యం లేదు. పాతదానికే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించాను: డిస్కు 1,800, బిగింపు 300. పాత మదర్‌బోర్డు కాబట్టి దాని పూర్తి వేగం అందదని మెకానిక్ ముందే చెప్పాడు. అయినా, టీ కాచుకునేంతసేపు తెరుచుకునే యంత్రం ఇప్పుడు నేను కూర్చునేలోపే సిద్ధంగా ఉంటోంది. ఇన్‌స్టాల్ చెయ్యడానికి పాత సీడీలు బీరువాలోనే ఉన్నాయి, నాన్న దాచాడు.

డిస్కు సరే, అందులోని పని? రాయపూర్‌లో డేటా తీసిచ్చేవాళ్లు 14,000 అడిగారు. అదే మోడల్ డిస్కు నుంచి హెడ్ తీసి, దుమ్ములేని గదిలో మార్చాలట. పోయిన ఫైళ్లు నూట నలభై పైనే. కార్డు మళ్లీ కొట్టడానికి గంట పడుతుంది, నా గంటకు వంద వేసుకున్నా లెక్క అక్కడికే వస్తుంది. కానీ అన్నీ మళ్లీ అవసరం పడవు కదా. రోజూ వాడే నమూనాలు ముప్పై. వాటి అచ్చు కార్డులు ఆల్బంలో ఉన్నాయి. పార్టీలకు వాట్సాప్‌లో పంపిన ప్రూఫులు బొమ్మలే, దిద్దడానికి పనికిరావు, చూసి కొట్టుకోవడానికి మాత్రం పనికొచ్చాయి. రాత్రిళ్లు కూర్చుని నెలన్నరలో ఆ ముప్పై పూర్తి చేశాను. 14,000 ఇవ్వలేదు. సీజన్ డబ్బు చేతికి రాగానే 4,500 పెట్టి ఒక టీబీ బయటి డిస్కు కొన్నాను. ఆదివారం రాత్రి కాపీ చేసి, తీగ పీకి, బీరువాలో పెడతాను. తీగ పీకడం ముఖ్యం. పిడుగో, వైరసో వస్తే రెండూ ఒకేసారి పోకూడదు.

వ్యాపారం లెక్క అక్కడితో తేలింది. తేలనిది ఒకటుంది. అమ్మ పెద్దకర్మ కార్డుకోసం స్కాన్ చేసి, గీతలన్నీ తుడిచి బాగుచేసిన ఆమె పెళ్లినాటి ఫొటో ఆ పాత డిస్కులోనే ఉంది. అసలు ఫొటో ఒక వానాకాలం ఇల్లు కురిసి పాడైపోయింది. కార్డుమీద అచ్చయినది బొటనవేలంత. దానికోసం కార్డుల డబ్బు ముట్టకుండా, నెలకు 500 వేరే ఖాతాలో వేస్తున్నాను. పాత డిస్కును అమ్మ చీరలో చుట్టి దాచాను. మెకానిక్ చెప్పినప్పటి నుంచి దానికి కరెంటు పెట్టలేదు.