టోపీ మీద పేరు, టోపీ కింద తల

మన తెలుగులో టోపీకి మంచి పేరు లేదు. ఒకరిని నమ్మించి మోసగిస్తే ‘టోపీ పెట్టాడు’ అంటారు. మోసం మరీ పెద్దదైతే దానికి కుచ్చు కూడా తగిలించి ‘కుచ్చుటోపీ’ అంటారు. అప్పులుచేసి ఊరు విడిచిన వ్యాపారిని గురించి ఈ మాట వినబడని బజారు ఉండదు. కనుక నిజాయితీగా నాలుగు రూపాయలు సంపాదించుకోదలచిన చిన్న వ్యాపారి, తన వద్ద పనిచేసేవారికి టోపీలు ఇవ్వాలనుకొన్నప్పుడు ఈ నుడికారాన్ని ఒకసారి తలచుకోవడం మంచిది. ఎవరి తలమీద ఏమి పెడుతున్నాము, ఎవరి మేలు కోరి పెడుతున్నాము అన్న ప్రశ్న అందులోనే ఉన్నది.

మాది మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్. 1889లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి, గోదావరి లోయ వెంట గనులు ఒక్కొక్కటిగా విస్తరించిన క్రమంలో పెరిగిన ఊళ్ళలో ఇదొకటి. ఇక్కడ పాతవారు గనిని గని అనరు, బాయి అంటారు. అబ్బా తన ఉద్యోగకాలమంతా బాయిలోనే గడిపారు. ఆయన పదవీ విరమణ అనంతరం, వచ్చిన సొమ్ములో కొంత పెట్టి మా కుటుంబం మంచినీటి ప్లాంటు ప్రారంభించింది. ఇరవై లీటర్ల డబ్బాలను కాలనీలలో ఇంటింటికీ చేరవేయడం మా వ్యాపారం. ఏడుగురు యువకులు మాతో పనిచేస్తారు. నలుగురు ట్రాలీ ఆటోలపై, ముగ్గురు టీవీఎస్ మోపెడ్లపై తిరుగుతారు.

టోపీల ఆలోచన ఆర్భాటం కోసం పుట్టినది కాదు. మొదటి షిఫ్టుకు మగవారు వెళ్ళిపోయాక కాలనీ ఇళ్ళలో చాలావరకు స్త్రీలు, పిల్లలే ఉంటారు. నీళ్ళ డబ్బాలన్నీ ఒకే నీలిరంగువి. తలుపు తట్టినవాడు ఎవరి మనిషో ఇల్లాలికి కిటికీలోనుంచే తెలియాలి. రెండవ కారణం ఎండ. ఈ బొగ్గునేలపై వేసవి తరచు 45 డిగ్రీలను తాకుతుంది. ఉదయం ఎనిమిదికి బయలుదేరిన పిల్లలు మధ్యాహ్నం వరకు ఆ ఎండలోనే బరువులు మోస్తారు. ఒక టోపీతో రెండు అవసరాలూ తీరుతాయని అనుకొన్నాము. ఆ రెంటిలో ఏది ముందు అన్న విషయమే ఇంట్లో చాలా రోజులు చర్చ అయినది.

అచ్చు దుకాణంవారు మొదట చూపినవి ముందువైపు స్పాంజి, వెనుక వల ఉండే చవక టోపీలు. పేరు పెద్దగా, మెరిసేలా పడుతుంది. చేతితో నొక్కి చూస్తే స్పాంజి వెంటనే వేడెక్కింది, వలలోనుంచి ఎండ సూటిగా మాడుకు తగిలింది. తరువాత చూసినవి ముందుకు గట్టి అంచు గల నూలు టోపీలు. వీటిలో అయిదు ముక్కలవి, ఆరు ముక్కలవి అని రెండు రకాలు. ఆరు ముక్కల టోపీకి నుదుటి నడుమనే కుట్టు వస్తుంది. ఆ కుట్టుపై రంగు అచ్చు వేస్తే అక్షరం మధ్యలో చీలి, కొన్ని ఉతుకులకే పగులుతుంది. అయిదు ముక్కల దానికి ముందుభాగం ఒకటే కనుక అచ్చు చదునుగా నిలుస్తుంది. దారంతో కుట్టించేట్లయితే ఏదైనా పరవాలేదు. దారపు పనికి ఖర్చు ఎక్కువ, ఆయుష్షూ ఎక్కువ.

పేరు తెలుగులోనే ఉండాలని అమ్మీ పట్టుబట్టారు. నీళ్ళు తీసుకొనే ఇల్లాళ్ళు చదివేది తెలుగే కదా అన్నారు. ఇక్కడ ఒక మెలకువ నేర్చుకొన్నాము. కంప్యూటరు కుట్టుయంత్రంపై తెలుగు అక్షరాలను చిన్నవిగా కుట్టిస్తే వత్తులు, గుడులు దారంతో పూడుకుపోయి ముద్దగా మారుతాయి. కనుక మాటలు తగ్గించి అక్షరం పెంచాలి. పేరు, ఊరు, ఫోను నంబరు, నినాదం అన్నీ ఒకే టోపీపై ఇరికించాలనుకొంటే ఏదీ చదవడానికి వీలుండదు. మేము పేరు ఒక్కటే ఉంచి, నంబరును డబ్బాపై అంటించే చీటీకి వదిలివేశాము.

ఇంతలో పెద్దచాచా ఒక సూచన చేశారు. పేరుకు పైన 786 అంకె కూడా కుట్టిస్తే బర్కత్ ఉంటుందన్నారు. బిస్మిల్లాహ్‌కు సంకేతంగా మన దేశంలో వాడుకలో ఉన్న అంకె అది. ఆయన ఉద్దేశంలో లోపమేమీ లేదు. కాని టోపీ చెమటకు తడుస్తుంది, బురదలో పడుతుంది, మరుగుదొడ్డి వెలుపల మేకుకు వేలాడుతుంది, ఒకనాడు చింకిపాతై నేల తుడుస్తుంది. గౌరవించవలసిన దానిని అటువంటి చోట ఉంచడం మర్యాద కాదని అమ్మీ సౌమ్యంగా చెప్పారు. దానికి మించిన మరొక మాట మిగిలి ఉన్నది. మా ఏడుగురిలో ముగ్గురు హిందూ సోదరులు. ఇమ్మంటే వారు కాదనరు, తలవంచి పెట్టుకొంటారు. వారు కాదనలేరు కనుకనే మనం ఆలోచించాలి. జీతం ఇచ్చే చేతికి ఎదుటివాని నుదుటిపై తన విశ్వాసపు గుర్తు పెట్టే హక్కు లేదు. పెద్దచాచా కొంతసేపు మౌనంగా ఉండి, “అయితే పేరొక్కటే చాలు” అన్నారు.

తలమీద ఏముండాలో ఇతరులు నిర్ణయించిన చరిత్ర మనకు తెలియనిది కాదు. ఉస్మానియా సుల్తాన్ రెండవ మహ్మూద్ 1829లో తన అధికారులు ఫెజ్ ధరించాలని ఆజ్ఞాపించారు. హైదరాబాదు రాజ్యంలో మన పెద్దలు రూమీ టోపీ అని పిలిచిన కుచ్చు టోపీ అదే. దానికి అంచు లేదు కనుక సజ్దాలో నుదురు నేలకు ఆనడానికి అడ్డు ఉండదు. తిరిగి 1925 నవంబరులో తుర్కీ ప్రభుత్వం ఆ ఫెజ్‌నే నిషేధించి, అంచు గల పాశ్చాత్య టోపీని చట్టం ద్వారా తప్పనిసరి చేసింది. నూరేళ్ళు నిండకముందే ఒక ఆజ్ఞ పెట్టిన టోపీని మరొక ఆజ్ఞ తీసివేసింది. రెండు పర్యాయాలూ ఆ తలలను అడిగినవారు లేరు. ఏడుగురి యజమాని రాజు కాడు. అయినా అడగకుండా ఆజ్ఞాపించే వీలు అతనికీ ఉన్నది. కనుక మేము పిల్లలనే పిలిచి, నమూనాలు బల్లపై పరచి, మీరే చెప్పండి అన్నాము.

మా మనసు గట్టి అంచు టోపీ వైపు మొగ్గి ఉన్నది. పేరు అందంగా నిలుస్తుంది. జుహర్ వేళ వెనుకకు తిప్పుకొంటే సజ్దాకు అడ్డం ఉండదు. చుట్టూ అంచు ఉండే మెత్తని గుండ్రని టోపీకి ఆ సదుపాయం లేదు, ఎటు తిప్పినా అంచే. ఈ మాటే చెప్పాము. మాలో అందరికన్నా చిన్నవాడు వినయంగానే బదులిచ్చాడు: “సేట్, నమాజుకు జేబులో తెల్లటోపీ ఎప్పుడూ ఉంటుంది. ఎండకు జేబులో ఏముంది?”

ఆ మాటతో తూకం మారిపోయింది. ముందు అంచు ముఖానికే నీడనిస్తుంది. చెవులు, మెడ ఎండకే వదిలివేయబడతాయి. డబ్బా భుజాన పెట్టుకొని వంగి నడిచేవానికి ఎండ తగిలేది మెడమీదనే. గుండ్రని అంచు ఆ మెడను కాపాడుతుంది.

మోపెడ్లపై తిరిగే ముగ్గురి విషయంలో మరొక చిక్కు ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ద్విచక్ర వాహనంపై హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. బొగ్గు టిప్పర్లు తిరిగే మా రోడ్లపై చట్టం చెప్పకపోయినా అది ప్రాణావసరమే. గట్టి అంచు టోపీ హెల్మెట్ కింద ఇమడదు. యజమాని ఇచ్చిన టోపీ పెట్టుకోవాలని హెల్మెట్ తీసివేస్తే, మన ప్రచారం ఒకరి తలకు ముప్పు తెచ్చినట్లే. మెత్తని టోపీ మడిచి జేబులో పెట్టుకోవచ్చు. బండి దిగి తలుపు తట్టేముందు తలకెక్కించుకోవచ్చు. ఆ ముగ్గురికి ఐఎస్ఐ గుర్తు గల హెల్మెట్లు విడిగా కొని, వాటికి మా పేరు చీటీ అంటించాము.

రంగును బొగ్గే నిర్ణయించింది. తెలుపు సాయంత్రానికి మసిబారుతుంది, నలుపు వేడిని పీల్చుకొంటుంది. లేత ఖాకీ నూలుగుడ్డ ఎంచుకొన్నాము. ముందుగా ఒక్కటే కుట్టించి, రాత్రంతా సబ్బునీటిలో నానవేసి, ఎండలో ఆరవేసి, దారం రంగు దిగలేదని, గుడ్డ కుదించుకుపోలేదని చూసుకొన్న తరువాతనే మిగతావి చేయించాము. ఒక్కొక్కరికి రెండు చొప్పున పద్నాలుగు, వాడుకకు మరి నాలుగు.

అబ్బా ఈ చర్చలన్నీ వింటూ మాట్లాడకుండా కూర్చున్నారు. చివరకు నమూనా టోపీని చేతిలోకి తీసుకొని లోపలివైపు తిప్పి చూశారు. ఆయన తలపై ఏళ్ళ తరబడి ఉన్నది బాయి హెల్మెట్, దానిమీద దీపం, నడుముకు బరువైన బ్యాటరీ. షిఫ్టుకు ముందు ల్యాంపు గదిలో ఎవరి నంబరు దీపం వారికి ఇచ్చేవారు. షిఫ్టు ముగిశాక దీపం తిరిగి రావాలి. ఆయన ఇలా అన్నారు: “దీపంమీది నంబరు కంపెనీ గొప్ప కోసం కాదు బిడ్డా. ఏ నంబరు దీపం తిరిగి రాలేదో, ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని తెలుస్తుంది. వెంటనే వెతకడానికి పోతారు. మీరు టోపీపైన మీ పేరు రాశారు. వానిని వెతకడానికి ఏం రాశారు?”

మేము చేయించిన ప్రతి టోపీ లోపల, నుదుటిపట్టీ వెనుక, ఒక తెల్లగుడ్డ ముక్క కుట్టి ఉన్నది. దానిపై ధరించేవాని పేరు, రక్తపు గ్రూపు, ఇంటివారి ఫోను నంబరు మాసిపోని సిరాతో రాయించాము. వెలుపలి పేరు కొనేవారి కోసం, లోపలి పేరు ఇంట్లో ఎదురుచూసే తల్లి కోసం.

ఖర్చు విషయమొకటి మిగిలినది. టోపీ మన వ్యాపారపు గుర్తు కనుక దాని వెల మన ఖాతాలోనిదే. దానిని కూలిలోనుంచి పట్టుకోవడం, పోగొట్టుకొంటే జరిమానా వేయడం తగదు. కూలి విషయమై మనకున్న బోధ ఏమిటో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. పని మానిన వానినుంచి టోపీ వెనుకకు తీసుకొంటాము. అది పీనాసితనం వల్ల కాదు. ఆ టోపీని చూసి తలుపు తెరిచే ఇల్లాలి నమ్మకం మా వద్ద అమానతుగా ఉన్నది. మా మనిషి కానివాని తలపై ఆ పేరు ఉండకూడదు. లోపలి గుడ్డముక్క మాత్రం విప్పి అతనికే ఇచ్చివేస్తాము.

చిన్న దుకాణమో, టిఫిన్ బండియో, మెకానిక్ షెడ్డో నడుపుతూ పేరు కుట్టిన టోపీలు చేయించదలచిన సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. నమూనాను బల్లపై పెట్టి పేరు ఎలా కనిపిస్తున్నదో చూసేముందు, దానిని ధరించవలసిన మనిషికిచ్చి ఒక పూట ఎండలో పని చేయనివ్వండి. అతడు తిరిగివచ్చి చెప్పిన దానిని బట్టి గుడ్డను, అంచును, రంగును నిర్ణయించండి. పేరు కనిపించడానికి టోపీ చాలు. ఆ పేరు నిలవడానికి మాత్రం డబ్బాలోని నీరు శుభ్రంగా ఉండాలి, కూలి వేళకు అందాలి.