స్విమ్మింగ్‌పూల్ కట్టిస్తున్నారట!

ఏమండోయ్, భోగాపురం దగ్గర తోటలో స్విమ్మింగ్‌పూల్ కట్టిస్తున్నారట! ఎయిర్‌పోర్టుకి 2019లో ఓసారి, 2023లో మరోసారి శంకుస్థాపన చూసిన ఊరది. మీరు మాత్రం ఒక్కసారే తవ్వించుకోవాలని నా కోరిక. అందుకని టైల్సు రంగు తరవాత చూసుకుందురుగానీ, ముందు పైపుల సంగతి వినండి.

ఇళ్ల పని అలవాటు కొద్దీ కొందరు ఒకటిన్నర అంగుళం పైపు వేసేసి, చాలకపోతే పెద్ద మోటారు పెడదామంటారు. లెక్క చూడండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున మీటరుంపావు లోతు అంటే 40 వేల లీటర్లు. అవన్నీ 6 గంటల్లో ఫిల్టరు గుండా ఒక చుట్టు తిరగాలంటే గంటకు 6,700 లీటర్లు నడవాలి. అవే నీళ్లు రెండంగుళాల పైపులో పోతే రాపిడి ఇంచుమించు నాలుగో వంతుకి దిగుతుంది. చిన్న మోటారే సరిపోతుంది, కరెంటు బిల్లూ తగ్గుతుంది. మా వైపు ప్లంబరు ఒకాయన ఈ లెక్కంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు: "గొట్టం సన్నంగుంటే మోటారేటి సేస్తాది బాబూ!"

అడుగున డ్రెయిన్ ఒక్కటే పెడతానంటే మాత్రం ఒప్పుకోకండి. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పిల్ల, 2002లో హాట్‌టబ్ డ్రెయిన్ పీల్చి పట్టేయడంతో పైకి రాలేక చనిపోయింది. 2007లో ఆ పాప పేరు మీదే అక్కడ చట్టం వచ్చింది. మూడడుగుల ఎడంగా రెండు డ్రెయిన్లు పెట్టి, రెంటినీ ఒకే లైనుకి కలిపితే, ఒకటి మూసుకుపోయినా రెండోది లాగుతుంది. పాత పూల్ అయితే ముందు డ్రెయిన్ మీది మూత తీయించి ఉబ్బెత్తు జల్లెడ మూత వేయించండి.

మన తీరంలో ఇంకో తిరకాసుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మోటారు నడవక పూల్ పచ్చబడిపోతుంది, ఖాళీ చేసి కడిగేద్దామనిపిస్తుంది. వద్దు! ఇసక నేలలో ఊటనీరు పైకి వచ్చి ఉంటే ఖాళీ తొట్టె లేచిపోతుంది, పైపులన్నీ పటపట విరుగుతాయి. అడుగున ఊట ఒత్తిడిని లోపలికి వదిలే వాల్వు కట్టేటప్పుడే పెట్టించాలి, తరవాత పెట్టడం మహా కష్టం.

ఫిల్టరు బ్యాక్‌వాష్, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టరు కడగడం, ఎప్పుడైనా చూశారా? మోటారు ఆపి పిడి తిప్పి, మళ్లీ వేస్తే, పక్కనున్న గాజుబుడ్డిలో నీళ్లు మొదట టీ డికాషన్‌లా వస్తాయి. అవి తేటపడేదాకా ఆపకూడదు. ఆ క్లోరిన్ నీళ్లు గెడ్డలోకీ, పక్కవాళ్ల వరిమడిలోకీ వదిలేరు సుమా, గుంత తీయించండి.

మోటారుకీ ఫిల్టరుకీ అటూ ఇటూ యూనియన్లు వేయించండి, పైపు కోయకుండా విప్పుకోవచ్చు. పైన తేలే చెత్త లాగే స్కిమ్మరుకి వేరు, డ్రెయిన్‌కి వేరు వాల్వు ఉండాలి. రేపు ఫౌంటెన్ కావాలంటారేమో, మూత బిగించిన పైపు ముక్కొకటి మోటారు గదిలో వదిలిపెట్టండి. కాంక్రీటుకి ముందు పైపుల్లో నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, రాత్రంతా గేజీ చూడండి. ముల్లు దిగితే పోత ఆపేయండి, మేస్త్రీ ఎంత తొందరపెట్టినా సరే. దిగకపోతే పైపుల పక్కనే కొలత టేపు పరిచి అన్నిటికీ ఫొటోలు తీయించి, ప్రింటు వేయించి మోటారు గది తలుపుకి అంటించండి. ఫోనులో దాచుకుంటే కావలసిన రోజున దొరకవు.