పరుగెత్తే నీటికి నడక నేర్పే పొలం

హైదరాబాదు నుండి ముంబయి రహదారిపై పడమటగా నూరు కిలోమీటర్లకు పైగా సాగితే జహీరాబాద్ వస్తుంది. సంగారెడ్డి జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ ప్రాంతంలో ఒకచోట నల్లరేగడి, మరొకచోట ఇటుకరంగు ఎర్రనేల కనిపిస్తాయి. నీటి వసతి ఉన్నవారు చెరకు, అల్లం వేస్తారు. లేనివారు జొన్న, కంది, కొర్రలతో వానను నమ్ముకుంటారు. పట్టణానికి సమీపంలోని బిడకన్నె గ్రామంలో, ఎర్రని మెట్టల నడుమ చిన్న అడవిలా కనిపించే వ్యవసాయ క్షేత్రం ఒకటుంది. మేమిద్దరం, భార్యాభర్తలం, పెర్మాకల్చర్ నేర్చుకోవడానికి వెళ్ళింది అక్కడికే.

కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు 1999లో స్థాపించిన ‘అరణ్య’ సంస్థ ఆధ్వర్యంలో ఈ క్షేత్రం నడుస్తోంది. పెర్మాకల్చర్ అన్న పదాన్ని ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మోలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ రూపొందించి, 1978లో గ్రంథరూపంలో ప్రపంచానికి పరిచయం చేశారు. తెలుగులో దీనిని శాశ్వత వ్యవసాయం అంటున్నారు. నేలను సంరక్షించడం, మనుషులను సంరక్షించడం, మిగులును పంచుకోవడం దీని మూడు మూలసూత్రాలు. దీని ప్రామాణిక శిక్షణ సాధారణంగా 72 గంటల పాఠ్యంగా సాగుతుంది.

మా ప్రయాణం వెనుక ఒక చిక్కుముడి ఉంది. నారాయణఖేడ్ వైపు మాకు వారసత్వంగా వచ్చిన మూడెకరాల మెట్టనేలలో రెండు బోర్లు ఎండిపోయాయి. మూడవ బోరు వేయాలంటే అమ్మాయి పైచదువుకు దాచిన సొమ్మును తీయాలి. లేదంటే భూమిని అమ్మివేయాలి. చాచా అమ్మకం వైపు, దాదీ నేల వైపు నిలిచారు. ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు నేలను గురించి తెలిసినవారి వద్ద కొంత నేర్చుకోవడం మేలనిపించింది.

మొదటి రెండు రోజులు మా చేతికి పార ఇవ్వలేదు. పొలమంతా నడవమన్నారు. ఎండ ఎటునుండి పడుతుందో, వేసవి గాలి ఎటు వీస్తుందో, ఏ చెట్టు నీడ ఏ వేళకు ఎక్కడ నిలుస్తుందో కాగితంపై గీయించారు. తరువాత ఇంటిని కేంద్రంగా పెట్టుకొని భూమిని వలయాలుగా విభజించడం చెప్పారు. రోజుకు పదిసార్లు అవసరమయ్యే కొత్తిమీర, కరివేపాకు వంటింటి గడప పక్కన. రోజుకోసారి చూడవలసిన కోళ్ళు, కూరగాయలు ఆ తరువాత. పండ్లచెట్లు, పైర్లు ఇంకొంత దూరాన. వంటచెరకు, పశువుల మేత అంచుల్లో. మనిషి అడుగులు ఎక్కడ ఎక్కువ పడతాయో అక్కడే ఎక్కువ ఆలనాపాలనా కోరే మొక్కలుండాలి. ఇల్లాలి శ్రమను లెక్కలోకి తీసుకునే వ్యవసాయ పాఠం మాకిదే మొదటిది.

బోర్ల సంగతి చెప్పినప్పుడు, శిక్షకులలో పెద్దావిడ ఒకరు నవ్వుతూ ఇలా అడిగారు: “నీళ్ళు ఎక్కడున్నయని తిరుగుతున్నరు గని, వానొచ్చినప్పుడు మీ చేన్ల నీళ్ళు ఎటు పోతున్నయో ఎన్నడన్న చూసిన్రా అమ్మా?”

ఆ ప్రశ్నకు జవాబు లెక్కలో దొరికింది. ఎకరం నేలపై 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే, అది లక్ష లీటర్లకు పైమాట. 5,000 లీటర్ల ట్యాంకర్లు 20 వచ్చి గుమ్మరించినట్లు! చెట్టూ చేమా లేని వాలునేల మీద ఆ నీటిలో చాలా భాగం పైమట్టిని మోసుకొని వాగులో కలుస్తుంది.

మూడవ రోజున మూడు కర్రలు, ఒక దారం, ఒక రాయి ఇచ్చారు. రెండు సమానమైన కర్రలను కొసల వద్ద కలిపి, మధ్యలో అడ్డకర్ర కట్టి, శిఖరం నుండి రాయిని వేలాడదీస్తే చట్రం తయారవుతుంది. దానిని సమతలంపై నిలిపి, కాళ్ళను తారుమారు చేసి చూస్తే దారం తగిలే రెండు గుర్తుల నడిమి బిందువే మట్టం. దారం ఆ బిందువు మీద నిలిచినప్పుడు రెండు కాళ్ళూ ఒకే ఎత్తున ఉన్నట్లు. అలా ఒక్కో అడుగు మార్చుకుంటూ, గూటాలు పాతుకుంటూ పోతే వాలుకు అడ్డంగా కాంటూరు గీత కంటికి కనిపిస్తుంది. ఆ గీత వెంట కందకం త్రవ్వి, మట్టిని దిగువ వైపు కట్టగా పోశాము. కందకం అడుగు ఎక్కడా వాలకూడదు. ఒక కొసన పొంగే నీరు పోవడానికి రాళ్ళతో అలుగు ఉండాలి. కట్టపై కంది, మునగ, గ్లిరిసీడియా. దిగువన మామిడి, సీతాఫలం. పరుగెత్తే నీటికి నడక నేర్పాలి, నడిచే నీటిని నిలపాలి, నిలిచిన నీటిని ఇంకించాలి అని మన పల్లెల్లో వినిపించే మాటకు అర్థం చేతులకు బొబ్బలు లేచాక తెలిసింది.

అన్ని నేలలకూ ఇదే మందు కాదని కూడా వారే హెచ్చరించారు. నల్లరేగడిలో నీరు చాలా రోజులు నిలిచి వేళ్ళు కుళ్ళవచ్చు. అందుకే ముందు పరిశీలన, తరువాతే పార.

ఒక సెలవు దినాన, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని బీదర్‌కు వెళ్ళి నౌబాద్ వద్ద కరేజ్ చూశాము. బహమనీ సుల్తానుల కాలంలో పారశీక నేర్పుతో రాతిని తొలిచి నిర్మించిన భూగర్భ కాలువ అది. పంపు లేదు, యంత్రం లేదు. పల్లానికి పారే నీటి స్వభావమే దానికి బలం. వాలును చదివిన వారికి నీరు విధేయమవుతుందని ఈ నేలకు శతాబ్దాల క్రితమే తెలుసు.

పొలం లేని కుటుంబాలకు కూడా ఈ విద్యలో వాటా ఉంది. రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతు గుంత తీసి, ఎండుటాకులు, పుల్లలు నింపి, చుట్టూ అరటి, బొప్పాయి, చేమ నాటితే స్నానపు నీరు అక్కడే ఖర్చవుతుంది. సబ్బు కలవని వుజూ నీరు ఇంకా శ్రేష్ఠం. రోజుకు ఐదుసార్లు మన ఇళ్ళలోనూ, మసీదు వుజూఖానాలలోనూ మురికి కాలువలో కలిసే నీటితో ఒక చిన్న తోటను పెంచవచ్చు.

చివరి దినాన మా మూడెకరాల పటాన్ని గీసి అందరి ముందు వివరించాము. ఎగువన మూడు కందకాలు, నడుమ చిరుధాన్యాలు, కంది, గట్లపై పండ్లచెట్లు. మొదటి ఏడాది చేతికి డబ్బు రాకపోవచ్చునని, చెట్లు నిలదొక్కుకోవడానికి కొన్నేళ్ళు పడుతుందని శిక్షకులు దాచకుండా చెప్పారు. ఆ లెక్కనంతా ఇంట్లో పెద్దల ముందుంచాము. చాచా చాలాసేపు పటాన్ని చూసి, అమ్మకం మాటను రెండు వర్షాకాలాల వరకు వాయిదా వేద్దామన్నారు. మూడవ బోరు ఆలోచనను విరమించాము. అమ్మాయి చదువు సొమ్ము బ్యాంకులో అలాగే ఉంది. మృగశిర కార్తె ముంచుకు రాకముందే మొదటి కందకం పూర్తి కావాలి. గూటాలు చెక్కే పని దాదీ మనవలకు అప్పగించారు.