ఏడేళ్లు దాటిన బండికి పెట్రోలు వాసనొస్తే

విజయవాడ ఆటోనగర్ వెళ్లి రాయమన్నప్పుడు సంపాదకుడి మనసులో ఉన్నవి లారీ బాడీలు. ఆ ఊరికి పేరు తెచ్చింది అవే కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం. నేను మాత్రం బాడీ షెడ్ల దాకా పోకుండా, చిన్న కార్లు బాగుచేసే ఒక రేకుల షెడ్డు దగ్గరే నిలబడిపోయాను. అక్కడ ఒక మేస్త్రి పెట్రోలు లీకు వెతుకుతున్నాడు. వెనక సీటు ఊడదీసి పక్కన పెట్టారు. దాని కింద ఇనప మూత, మూత విప్పితే ట్యాంకు నెత్తిన గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల, అందులోంచి బయటికొచ్చే గొట్టాలు. ఆయన వెంటనే చెయ్యి పెట్టలేదు. టార్చి వేసి ముందు దుమ్ము చూశాడు. బిళ్ల అంతటా ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము ఒకే మందాన ఉంది. ఒక గొట్టం మొదట్లో మాత్రం కడిగినట్టు నల్లటి ప్లాస్టిక్ బయటపడింది. పెట్రోలు ఊరి, దుమ్మును ఈడ్చుకుపోయి, తాను ఆరిపోయిన జాగా అది. శుభ్రంగా ఉన్న చోటే జబ్బు. కుర్రాడు తాళం సగం తిప్పాడు. బండి స్టార్టవ్వలేదు గానీ పంపు రెండు మూడు క్షణాలు గుయ్యిమంది. మేస్త్రి చించిన తెల్ల కాగితం ముక్క గొట్టం మొదట్లో ఆనించి తీశాడు. చుక్క తడి కనిపించి, చూస్తుండగానే ఆరిపోయింది. బ్యాటరీ తీగ తీయించి, గొట్టం ఊడదీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వంచాడు. వంపు మీద నిలువునా సన్నటి నెరియలు తేలాయి.

పెట్రోలు లీకంటే చాలామంది ముందు మైలేజీ లెక్క వేస్తారు. అసలు భయం వేరు. కార్బురేటర్ల కాలంలో ఇంజను పక్కనున్న పంపు పెట్రోలును నెమ్మదిగా పీల్చేది. గొట్టం పగిలితే బొట్లుబొట్లుగా కారేది. ఇంజెక్షన్ బళ్లలో ట్యాంకులోని కరెంటు పంపు మూడు నాలుగు బార్ల ఒత్తిడితో తోస్తుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికన్నా ఇది ఎక్కువ. సన్నటి నెరియ దొరికితే చాలు, తుంపరగా చిమ్ముతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కనుక పైకి పోకుండా నేలబారున పరుచుకుంటుంది. గడ్డకట్టే చలిలో కూడా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మన ఎండల్లో ఇక చెప్పేదేముంది. ఈ కారు యజమాని చెప్పింది ఒక్కటే: పొద్దున్నే తలుపు తీస్తే వాసన, నాలుగు వీధులు తిరిగాక పోతుంది. ఆ ఒక్క ముక్కతో మేస్త్రి బానెట్ జోలికి పోకుండా సీటు ఎత్తాడు. ఎందుకని అడిగితే, "ఈ మోడల్‌కి ఇక్కడే పోద్దండి. ఎన్ని చూశాం! ఎవరికి చెప్తాం?" అంటూ పాత గొట్టాన్ని, మూలన అలాంటివే పడున్న నూనె డబ్బాలోకి విసిరాడు. నేను రాయదలచింది ఆ డబ్బా గురించే. బండి పేరు రాయను. ఒక షెడ్డులో కనిపించిన గొట్టాలు ఒక కంపెనీ మీద నేరం మోపడానికి చాలవు. విచారణ మొదలుపెట్టడానికి మాత్రం చాలాలి. అదే జరగడం లేదు.

ఎవరికి చెప్తాం అన్న ప్రశ్నకు కాగితాల మీద జవాబు ఉంది. 2012లో కార్ల కంపెనీల సంఘం సియామ్, లోపమున్న బళ్లను వెనక్కి పిలిచి బాగుచేసే రీకాల్‌కు స్వచ్ఛంద నియమావళి పెట్టుకుంది. చెయ్యకపోతే అడిగే నాథుడు లేడు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షన్ చేర్చాక ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించే అధికారం వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మాట వినని కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. ఇంతవరకూ బాగుంది. అయితే తయారైన తేదీ నుంచి ఏడేళ్లు దాటని బళ్లకే ఈ నిబంధనలు వర్తిస్తాయి. అదే కారుకు మనం రోడ్డు మీద తిరగమని ఇచ్చే రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. అంటే సర్కారు రోడ్డెక్కనిచ్చిన కాలంలో సగానికి పైగా, బండిలో లోపం బయటపడినా పిలిచి బాగుచేయించే బాధ్యత చట్టప్రకారం ఎవరి మీదా లేదు. అమెరికాలో ఉచితంగా బాగుచేసివ్వాల్సిన గడువు ఒకప్పుడు 10 ఏళ్లుండేది. 2015లో దాన్ని 15కి పెంచారు. రబ్బరు గానీ ప్లాస్టిక్ గానీ రెండో ఏట పగలదు. వారంటీ తీరి, యజమాని షోరూమ్ మానేసి ఆటోనగర్ దారి పట్టే నాటికే వాటి ముసలితనం మొదలవుతుంది. కంపెనీ చూపు ఎక్కడ ఆగిపోతుందో, లోపం అక్కడినుంచే కనబడటం మొదలవుతుంది.

మన కంపెనీలు అసలు పిలవడం లేదా అంటే, పిలుస్తున్నాయి. ఆ మేరకు మెచ్చుకోవాలి. 2010లో మారుతి దాదాపు లక్ష ఏ-స్టార్ కార్లను వెనక్కి పిలిచి పెట్రోలు పంపు దగ్గరి ఓరింగు, గ్యాస్కెట్ మార్చింది. 2019లో పెట్రోలు గొట్టం లోహపు క్లిప్పుకు ఒరుసుకుంటోందని 40,618 వ్యాగన్ఆర్‌లను పిలిచింది. 2018 నవంబరు 15కీ 2019 ఆగస్టు 12కీ మధ్య తయారైనవి. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది 2014 నాటిది. 2013 నవంబరు 12 నుంచి 2014 ఫిబ్రవరి 4 దాకా తయారైన స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా బళ్లు 1,03,311. లోపం పెట్రోలు పోసే గొట్టం మెడలో. పంపు తనంతట తాను ఆగిపోయాక కూడా పోస్తే వాసన రావచ్చనీ, మరీ ముదిరితే లీకవచ్చనీ కంపెనీ చెప్పింది. ఈ మాట అబద్ధం కాదు గానీ, కాస్త తప్పు బండివాడి మీదికి జరుగుతుంది. మన బంకుల్లో పంపు టక్కున ఆగాక రౌండ్ ఫిగర్ కోసం మరో రెండుసార్లు నొక్కని కుర్రాడు ఎక్కడున్నాడు? అందరూ రోజూ చేసే పనికి తట్టుకోలేని మెడ అమ్మకానికి వచ్చిందంటే, అది వాడకంలో దోషం కాదు, తయారీలోదే. కంపెనీ ఆ బళ్లను పిలిచి మెడ మార్చింది కాబట్టి ఆ సంగతి దానికీ తెలుసు.

ఇలా తేదీల మధ్య గీత గీయడం చాలాసార్లు న్యాయమే. ఒక సరఫరాదారు పంపిన ఒక విడత సరుకు చెడితే ఆ విడతనే పిలవాలి. దేశంలోని కార్లన్నిటినీ కాదు. పేచీ ఎక్కడంటే, ఆ గీత గీసేది బిల్లు కట్టాల్సినవాడే కావడం. అమెరికా చరిత్రలో ఇందుకు సాక్ష్యం కావలసినంత ఉంది. 2012లో జనరల్ మోటార్స్ పెట్రోలు పంపు దగ్గరి ప్లాస్టిక్ భాగం చిట్లి లీకవుతోందని దాదాపు 41 వేల కార్లను పిలిచింది, అదీ ఎండలు మండే రాష్ట్రాల్లో మాత్రమే: అరిజోనా, నెవాడా, టెక్సస్, ఫ్లోరిడా లాంటివి. వేడికే ప్లాస్టిక్ చిట్లుతుందని కంపెనీ నోటితో కంపెనీయే ఒప్పుకున్నట్టయింది. రాష్ట్రం దాటి సెకండ్ హ్యాండ్‌లో అమ్ముడుపోయే కారుకు ఆ గీత ఏం తెలుస్తుంది? 2013లో జీప్ బళ్ల వెనక వేలాడే ట్యాంకు గురించి అక్కడి రహదారి భద్రతా సంస్థ 27 లక్షల బళ్లను పిలవమంది. బేరం చివరికి 15.6 లక్షల దగ్గర తెగింది. మందుగా ట్యాంకు వెనక ఒక ట్రెయిలర్ కొక్కెం బిగించారు. మరీ విడ్డూరం ఫోర్డ్‌ది. 2022లో ఎస్కేప్, బ్రోంకో స్పోర్ట్ బళ్లలో ఇంజెక్టర్ చిట్లి పెట్రోలు వేడి భాగాల మీద పడుతోందని తేలింది. అయిదు లక్షల పైచిలుకు బళ్లను పిలిచి కంపెనీ చేసిందేమంటే, ఇంజెక్టర్ మార్చకుండా, కారిన పెట్రోలు వేడి మీద పడకుండా పక్కకు పోయేందుకు ఒక గొట్టం పెట్టి, ఒత్తిడి పడిపోతే పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. ఇల్లు కారుతుంటే కప్పు నేయించకుండా గిన్నె పెట్టినట్టు. ఆ మందు పని చేస్తోందా లేదా అని భద్రతా సంస్థ 2024లో ఆరా తీయడం మొదలుపెట్టింది. 2025లో దాదాపు ఏడు లక్షల బళ్లను మళ్లీ పిలవాల్సి వచ్చింది. అడిగే సంస్థ ఉండబట్టే ఈ రెండో పిలుపు వచ్చింది.

ఇక్కడ కంపెనీల తరఫున ఒక అభ్యంతరం వస్తుంది, అది తీసిపారేసేది కాదు. ఆటోనగర్ షెడ్లకు వచ్చేసరికి బండిలో అసలు సామాను ఎంత మిగిలి ఉంటుంది? ఎలుకలు కొరికి ఉంటాయి, గ్యాస్ కిట్టు బిగించినవాడు గొట్టాలు కోసి ఉంటాడు, ఎవరో మీటరు లెక్కన కొన్న చవక పైపు వేసి ఉంటారు. వాటికి మేమెలా జవాబుదారీ అంటారు. నిజమే. ఆ చవక పైపు సంగతి అక్కడే కళ్లారా కనిపిస్తుంది. ఆటోనగర్ కౌంటర్లలో కార్బురేటర్ కాలపు పైపూ ఇంజెక్షన్ ఒత్తిడికి పనికొచ్చే పైపూ పక్కపక్కనే చుట్టలుగా వేలాడుతుంటాయి. ధరలో తేడా ఉంటుంది, చూపుకు ఉండదు. తక్కువది తెచ్చి బిగించి, పైన స్క్రూ క్లిప్పును అది రబ్బరులోకి దిగేదాకా తిప్పే షెడ్లు లేవని ఎవరూ అనలేరు. మా మేస్త్రి కూడా అనలేదు. పక్క షెడ్ల మీద ఆయనకున్న చిరాకు కంపెనీల మీదున్న చిరాకుకు ఏమాత్రం తీసిపోదు. కానీ ఈ అభ్యంతరంలోనే దాని జవాబూ ఉంది. ఏ కారణానికి ఆ గుర్తు పడుతుంది. ఎలుక కొరికితే గాట్లు జంటగా, పక్కపక్కనే ఉంటాయి. క్లిప్పు కోస్తే గాయం గుండ్రంగా చుట్టూ తిరుగుతుంది. వేడికి ముసలిదైన రబ్బరు బిరుసెక్కి వంపు దగ్గర నెరియలు తీస్తుంది. ఇంధనానికి సరిపడని రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఆ డబ్బాలో గొట్టాలను బయటికి తీసి ఆయన ఒక్కొక్కటీ చెయ్యి తగలగానే విడదీసి చెప్పాడు. అందరు మేస్త్రీలూ అంత నికరంగా చెప్పలేకపోవచ్చు. చెప్పనక్కర్లేదు కూడా. గొట్టం దాచి, చాసిస్ నంబరూ తిరిగిన కిలోమీటర్లూ రాసి పంపితే తేల్చడానికి పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ అనే వాహన పరీక్షా సంస్థలున్నాయి.

పంపేదెవరికి? ఇక్కడే చట్టం ఒక తలుపు తీసిపెట్టి, తాను తీసినట్టు మరిచిపోయింది. 110ఎ సెక్షన్ ప్రకారం లోపం సంగతి ప్రభుత్వానికి మూడు దారుల్లో చేరవచ్చు: నోటిఫై చేసినంత శాతం యజమానుల నుంచి, పరీక్షా సంస్థ నుంచి, లేదా మరే ఇతర మార్గంలోనైనా. నిబంధనలూ ఫిర్యాదుల పోర్టలూ అన్నీ మొదటి దారి చుట్టూ కట్టారు. ఒక్కొక్క యజమాని ఒక్కొక్క ఫిర్యాదు పెట్టాలి, ఆ మోడల్ అమ్మకాలను బట్టి లెక్క నిండాలి. పొద్దున వచ్చే వాసన తన ఒక్కడి బండిదే అనుకునే మనిషి ఫిర్యాదు ఎందుకు పెడతాడు? పది బళ్లలో ఒకే చోట ఒకే నెరియ చూసినవాడు మేస్త్రి, యజమాని కాదు. మూడో దారిలో ఆయన్ని కూర్చోబెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఇలా చేస్తే గాలి ఫిర్యాదులు వెల్లువెత్తి కంపెనీల పరువు పోతుందనేవాళ్లున్నారు. ఫిర్యాదు రాగానే రీకాల్ చేయమని ఎవరూ అనడం లేదు, పరీక్షకు పంపమంటున్నారు. పరీక్షలో తేలనిది అక్కడే ఆగుతుంది. ఇప్పుడు మాత్రం తేలేదీ తేలనిదీ ఒకే డబ్బాలో కలిసి పాత ఇనుం కొట్టుకు పోతోంది.

పిలిచినా జనం రారు కదా అన్న మాట కూడా తరచు వినిపిస్తుంది. రారు, నిజమే, రాకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. కబురు పోయేది కారు కొత్తగా కొన్నవాడి ఫోనుకు. బండి అప్పటికి రెండు చేతులు మారి, మచిలీపట్నంలోనో ఖమ్మంలోనో తిరుగుతుంటుంది. ఇప్పటి యజమాని ఎవరో ప్రభుత్వం దగ్గరున్న వాహన్ రిజిస్ట్రేషన్ రికార్డుల్లో ఉంది. చలాను పంపడానికి క్షణాల్లో దొరికే ఆ పేరు, రీకాల్ కబురు పంపడానికి ఎందుకు దొరకదో అర్థం కాదు.

ఈ గీతలన్నీ ఇప్పుడు అర్జెంటుగా సరిచేయాల్సి రావడానికి కారణం ట్యాంకులో పోసేదే మారిపోవడం. దేశమంతా బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ-20 పెట్రోలు వచ్చేసింది. 2023 ఏప్రిల్ నుంచి తయారవుతున్న కార్లు దాన్ని తట్టుకునే సామగ్రితో వస్తున్నాయి. అంతకుముందువి పది శాతం దాకా చూసుకుని చేసినవి. పాత బళ్లకు పెద్ద ప్రమాదమేమీ లేదని 2025లో చెబుతూనే పెట్రోలియం శాఖ ఒక మాట ఒప్పుకుంది: కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చు, ఖర్చు తక్కువే, మామూలు సర్వీసింగులో అయిపోతుంది అని. ఖర్చు తక్కువే కావచ్చు. ఆ గొట్టం ధర ఒక టైరు ధరకు దగ్గరికి కూడా రాదు. కానీ మార్చాలని ఎవరికి ఎప్పుడు చెబుతారు? ఏ మోడల్‌లో ఏ రబ్బరో కంపెనీలకు తెలుసు. జాబితా బయటపెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఇథనాల్ కలపడం వద్దని నేను వాదించడం లేదు. చెరకు రైతుకూ మొక్కజొన్న రైతుకూ దానివల్ల గిరాకీ ఉంది, దిగుమతి ఖర్చూ తగ్గుతుంది. ఇది దేశం కోసం చేసిన మార్పయితే, దాని బిల్లు పాత కారు నడిపేవాడి ఒక్కడి మీద పడకూడదంతే. 2018కి ముందు తయారైన కారుకు ఈ పెట్రోలు కోసం చేసిన రబ్బరూ లేదు, రీకాల్ నిబంధనల నీడా లేదు. అందుకే ఏడేళ్ల గీతను రిజిస్ట్రేషన్ గడువు దాకా, అంటే 15 ఏళ్లకు జరపాలి. ఆ రబ్బరు భాగాల జాబితాను మోడల్ వారీగా తెలుగులో అచ్చు వేయించి, పెట్రోలు పోసే ప్రతి బంకులోనూ, బళ్లు విప్పే ప్రతి ఆటోనగర్‌లోనూ అంటించాలి. కిలోమీటర్లు నిండిన బండికి గొట్టం ఉచితంగా మార్చే ఖర్చును చమురు కంపెనీలూ కార్ల కంపెనీలూ పంచుకోవాలి. ఏ వాటా ఎవరిదో వాళ్లలో వాళ్లు తేల్చుకోవచ్చు.