చూసిందొకటి, రాసిందొకటి

ఇంటర్లో సైన్సు చదివినవాళ్ళెవరూ కెమిస్ట్రీ రికార్డుని అంత తేలిగ్గా మర్చిపోరు. పుస్తకంలో లవణ విశ్లేషణ అని ఉంటుంది, మన నోట్లో మాత్రం అది సాల్ట్ ఎనాలిసిస్. పేజీకి మూడు గళ్ళు: ప్రయోగం, పరిశీలన, అనుమితి. మొదటి గడిలో ఏం చేశామో, రెండో గడిలో ఏం కనబడిందో, మూడో గడిలో దాన్నిబట్టి ఏమనుకోవచ్చో రాయాలి. లవణానికి గాఢ సల్ఫ్యూరికామ్లం కలిపితే ఘాటు వాసనతో రంగులేని వాయువు వచ్చింది, అమోనియం హైడ్రాక్సైడ్‌లో ముంచిన గాజుకడ్డీ దగ్గర పెడితే దట్టమైన తెల్లటి పొగలు వచ్చాయి. ఇది పరిశీలన. "క్లోరైడ్ కావచ్చు." ఇది అనుమితి. సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి అవక్షేపం వచ్చి, అది అమోనియం హైడ్రాక్సైడ్‌లో కరిగితేనే "కావచ్చు" తీసేసి "ఉంది" అని రాయాలి.

ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. పదహారేళ్ళ పిల్లవాడికి సైంటిస్టు ఎలా ఆలోచిస్తాడో మూడు గళ్ళలో చూపించేశారు. ఆ "కావచ్చు" అన్న మాట ఒక్కటి ఒంటబడితే చాలు, మిగతా సిలబస్ మర్చిపోయినా ఫర్వాలేదు.

మరి ల్యాబుల్లో జరిగేదేంటి? పొడి నీలంగా ఉందా, అయితే కాపర్. కుళ్ళిన కోడిగుడ్డు వాసనా, అయితే సల్ఫైడ్. లేదంటే ఈసారి ఏ సాల్టులు ఇస్తున్నారో పక్క బ్యాచ్ చెప్పేస్తుంది. ముందు మూడో గడి నిండుతుంది. తర్వాత దానికి సరిపడా పరిశీలన గైడులోంచి రెండో గడిలోకి దిగుతుంది. బేరియం అని తెలిసిపోయాక "జ్వాల యాపిల్ పచ్చ రంగు" అని రాయడానికి బర్నర్ వెలిగించే పనేముంది? మార్కులు నిక్షేపంగా పడతాయి. అలా అనుకున్నదాన్ని చూసినట్టు రాయడం రెండేళ్ళు సాధన చేయించి, దానికి సైన్సని పేరు పెట్టి బయటికి పంపిస్తున్నాం.

ఈ అలవాటు ఉద్యోగాల్లోకి కూడా వస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళలో రోజూ చూస్తుంటా. "సర్వర్ డౌన్ అయింది" అని అర్ధరాత్రి మెయిలొస్తుంది. నాయనా, నువ్వు చూసిందేంటి అంటే, "పేజీ తెరుచుకోలేదు" అంటాడు. పేజీ తెరుచుకోకపోవడం పరిశీలన. సర్వర్ డౌన్ అవడం అనుమితి. ఈ రెంటి మధ్యలో అతని నెట్, అతని బ్రౌజరు, పాస్‌వర్డు, డేటాబేసు ఇన్ని ఉన్నాయి. మాకేమంటే, పోతే ఓ రాత్రి నిద్ర పోతుంది. ఆదోని చుట్టుపక్కల పత్తి రైతుకి డబ్బులు పోతాయి.

ఆ కథ చెప్తా. ఆదోని అంటే పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు. చుట్టూ నల్లరేగడి. చేలో పత్తి ఆకులు ఎర్రబడ్డాయనుకోండి. చూసింది అంతే, ఆకు ఎర్రబడింది. కానీ ఓ ఆకు తెంపుకుని మందుల అంగడికి వెళ్ళేసరికి అది "దోమ పడింది" అయిపోతుంది, డబ్బా చేతికొస్తుంది, మర్నాడు మందు కొట్టేస్తారు.

పచ్చదోమ రసం పీల్చినా ఆకు ఎర్రబడుతుంది, నిజమే. ముందు అంచులు కిందికి ముడుచుకుని, పసుపు తిరిగి, తర్వాత ఎర్రబారతాయి. కానీ మెగ్నీషియం తక్కువైనా ఆకు ఎర్రబడుతుంది. అప్పుడు ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య భాగం ఎర్రబడుతుంది, అదీ ముందు కింది ముదురాకుల్లో. చేలో నీళ్ళు నిలిచినా, పంట చివర్లో రాత్రుళ్ళు చల్లబడినా ఎర్రబడొచ్చు. మెగ్నీషియం లోపానికి లీటరు నీళ్ళకి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చెయ్యమంటారు. దానికి దోమ మందు కొడితే ఆకు రంగు మారదు, అప్పు మాత్రం పెరుగుతుంది. పైగా దోమని తినే అల్లిక రెక్కల పురుగులూ, అక్షింతల పురుగులూ చస్తాయి. అప్పుడు నిజంగానే దోమ పడుతుంది!

ఆకు తిప్పి అడుగున దోమ ఉందా చూడ్డానికి పైసా ఖర్చు లేదు. ఎరుపు అంచున మొదలైందా, ఈనెల మధ్యా? పై ఆకులా, కింది ఆకులా? చేనంతానా, నీళ్ళు నిలిచిన మడిలోనేనా? ఇవన్నీ రెండో గడిలో రాయాల్సినవి. దీనికి రైతునో, అంగడాయన్నో తిట్టి లాభం లేదు. పంట ఎండుతుంటే ఎవరికైనా జవాబు తొందరగా కావాలి. నా బాధల్లా, ఆ అంగట్లో కూర్చున్న కుర్రాడూ, ఆ రైతు కొడుకూ ఇద్దరూ మన బళ్ళోనే సైన్సు చదువుకున్నారని.

ఇది తెల్లవాళ్ళు నేర్పితే వచ్చిన తెలివనుకునేరు. మన తర్కశాస్త్రంలో అనుమానం అంటే సందేహం కాదు, చూసినదాన్నిబట్టి చూడనిదాన్ని తెలుసుకోవడం. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని తెలుసుకోవడం దాని పాతకాలపు ఉదాహరణ. 17వ శతాబ్దంలో అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలో దీని అడ్డం కూడా చెప్పారు. పొగుంటే నిప్పుంటుంది సరే, నిప్పుంటే పొగ ఉండాలనేం లేదు. కాల్చిన ఇనుములో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చికట్టె కూడా ఉండాలి. దోమ పడితే ఆకు ఎర్రబడుతుంది కాబట్టి ఆకు ఎర్రబడితే దోమే అనడం సరిగ్గా ఈ తప్పే. అలాంటి అనుమానం అన్న మాట మన వాడుకలో చివరికి ఒకళ్ళనొకళ్ళు శంకించుకోవడానికి మిగిలింది, ఏం చేస్తాం!

సైంటిస్టులు మాత్రం తొందరపడరా అంటే, పడతారు. దానికి ఉదాహరణ మనకి దగ్గర్లోనే ఉంది. ఆదోని నుంచి బళ్ళారి వైపు వెళ్తే ఆ చుట్టుపక్కల బూడిద దిబ్బలు కనబడతాయి. బూడిద, గాజులా కరిగి గట్టిపడిన చిట్టెం, పొరలు పొరలుగా. రాక్షసుడి చితాభస్మం అని ఊళ్ళో కథ. 19వ శతాబ్దం నుంచి చూసినవాళ్ళు తలో మాటా అన్నారు: అగ్నిపర్వతం బూడిదనీ, లోహం కరిగించిన చిట్టెమనీ, యుద్ధాల్లో పోయినవాళ్ళ సామూహిక దహనాలనీ. పశువుల పేడ కాలి ఇలా అయ్యుంటుందని రాబర్ట్ బ్రూస్ ఫుట్ అన్నాడు, కానీ ఆ మాట నిలదొక్కుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1957లో ఆల్చిన్ పాలమూరు జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) ఇలాంటి దిబ్బనే తవ్వితే, దొడ్డి చుట్టూ పాతిన గుంజల ఆనవాళ్ళు, పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్ళు దాటిన పశువుల దొడ్డి అది! ప్రయోగశాలలో పరీక్షిస్తే బూడిద కూడా పేడదేనని తేలింది.

బూడిద మాత్రం అందరికీ కనబడిన బూడిదే. వందేళ్ళ పైచిలుకు మారుతూ వచ్చింది మూడో గడి. రెండో గడిలో జాగ్రత్తగా రాసిపెట్టినవాళ్ళ రాతలు, వాళ్ళ ఊహ తప్పయినా, తర్వాతివాళ్ళకి పనికొచ్చాయి. అంత పేడని ఎందుకు తగలబెట్టారన్నది ఇప్పటికీ వాదనే.

మరి పిల్లలకి ఎలా చెప్పాలి? నాకు తోచింది చెప్తాను. ఎమ్మిగనూరు చేనేతకి పేరు, 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. ఆమధ్య అక్కడికి వెళ్ళినప్పుడు ఓ పదిమంది బడిపిల్లలకి తలో తువ్వాలు ముక్క ఇచ్చి, "కనబడింది మాత్రమే రాయండి" అన్నాను. వచ్చిన జవాబులు: చేనేత, నూలు, పాతది, "మా నాయన నేసింది"! ఇందులో ఒక్కటీ కనబడింది కాదు. మళ్ళీ రాయమంటే అప్పుడు మొదలైంది. అంచు పొడుగునా చిన్న చిన్న చిల్లులున్నాయని ఒకమ్మాయి. ఒకచోట పేక ఒత్తుగా, ఇంకోచోట పలచగా ఉందని ఇంకొకడు. రంగు ఒక మూల వెలిసిందన్నాడు మరొకడు.

అప్పుడు ఒక్కో అనుమితినీ బయటికి లాగాం. నూలు అన్నావుగా, అయితే దారం కాలిస్తే ఏం జరగాలి? కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద మిగలాలి. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస కట్టాలి. కాల్చాం, ఒక ముక్కలో రెండూ వచ్చాయి! మరి చిల్లులు? నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా పట్టే బద్ద గుచ్చుకుని పడతాయి అన్నాడు నేతగాడి కొడుకు. అయితే చేనేతేనా? మరమగ్గానికీ అలాంటిది ఉంటుందిగా అన్నాడు వాడే. అంటే చిల్లుల్నిబట్టి తేలదు. పేక ఎగుడుదిగుడు కూడా చూడాలి, అప్పటికీ "కావచ్చు" అనే రాయాలి. తండ్రి మగ్గం తెలిసిన పిల్లవాడు "తేలదు" అనడం నాకు ఆ పూటకి చాలనిపించింది.

రికార్డులో నాలుగో గడి ఒకటి పెట్టాలని నా కోరిక: "ఇది కాకపోతే ఇంకేం కావచ్చు, తేల్చుకోవాలంటే ఏం చూడాలి?" మూడో గడిని గైడులోంచి దించొచ్చు, ఈ నాలుగో గడి రాయాలంటే రెండో గడిలో నిజంగా చూసింది ఉండాలి. ఇక పరీక్షలో సాల్టు పేరు తప్పు చెప్పినా, చూసింది ఉన్నదున్నట్టు రాసినవాడికి మార్కులు వెయ్యాలి. పేరు కరెక్టు రాసి, వెలిగించని బర్నర్‌లో యాపిల్ పచ్చ మంట చూసినవాడికి కొయ్యాలి. ఒక్క ఏడాది అలా చేసి చూడండి. మీరేమంటారు?