మెడ మీద నలుపు

మా ఆడపడుచు వాళ్లది కర్నూలు. వాళ్ల పాపకు పన్నెండేళ్లు. సెలవులకు కడపలో మా ఇంటికి వస్తే చాలు, మా అత్తమ్మ దాన్ని పెరట్లో కూర్చోబెట్టి సున్నిపిండితో మెడ వెనక తోమేది. "ఎంత మురికి పట్టిందే, సరిగ్గా రుద్దుకోవా?" అనేది. చర్మం కందిపోయేది గానీ నలుపు పోయేది కాదు. బడికి రెండు జడలు వేసుకోమంటే పిల్ల ఏడుపు, మెడ కనపడుతుందని.

కిందటేడు పిల్లల డాక్టరమ్మ చూసి, "ఇది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైందనే గుర్తు" అన్నారు. షుగరు రాలేదు, కానీ జాగ్రత్త పడాలన్నారు. మాకు నమ్మబుద్ధి కాలేదు. పిల్ల లావు కాదు మరి. కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట దగ్గరే కాస్త బొద్దు.

కొవ్వంటే డబ్బాలో పోసిపెట్టిన నెయ్యిలాగా ఊరకే పడి ఉంటుందనుకుంటాం కదా. ఉండదట. అది రక్తంలోకి హార్మోన్లు పంపుతుంది. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టిన లెప్టిన్ అలాంటిదే. గ్రీకులో 'లెప్టోస్' అంటే సన్నని అని అర్థం (తెలుగు బి.ఏ. చదివినదాన్ని, మాట ఎక్కడ పుట్టిందో చూడకుండా ఉండలేను). "నిల్వ ఉంది, ఇక తినొద్దు" అని మెదడుకు చెప్పడం దాని పని. కొవ్వు పెరిగిన ఒంట్లో లెప్టిన్ దండిగానే ఉంటుంది, మెదడే వినిపించుకోదు.

అడిపోనెక్టిన్ అని ఇంకొకటుంది. ఇన్సులిన్ పనికి తోడు నిలిచేది అదే. కొవ్వులోనే పుడుతుంది, అయినా కొవ్వు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది! అప్పుడు కండలు, కాలేయం ఇన్సులిన్ మాట వినవు. క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ పోస్తుంది. మెడ దగ్గర చర్మాన్ని మందంగా, నల్లగా చేసేది ఆ ఎక్కువైన ఇన్సులినే. ఈడొచ్చే వయసులో ఇన్సులిన్ పని ఎవరికైనా కొంత మందగిస్తుంది కాబట్టి, చాలామంది పిల్లల్లో అప్పుడే బయటపడుతుంది.

సున్నిపిండికి పోతుందా ఇది?

సన్నటి పిల్లలకెందుకు వస్తుందో పుణె డాక్టర్ యాజ్నిక్ పరిశోధనలో దొరికింది. మన బిడ్డలు పుట్టేటప్పుడే బరువు తక్కువ, కండ తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గదు. అంటే తల్లి కడుపులోనే మొదలన్నమాట.

హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ల సంగతి దీనికంటే నన్ను పట్టుకుంది. 1987-90 మధ్య వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ మొక్కజొన్న-సోయా ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13-18 ఏళ్లవాళ్లయ్యాక పరీక్షిస్తే, ఉప్మా అందని ఊళ్ల పిల్లలకంటే 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. ఇన్సులిన్ మాట వినని గుణం సుమారు 20 శాతం తక్కువ. 2008లో అచ్చయింది. ఉప్మా అంటే ముఖం ముడుచుకునేవాళ్లకు చదివి వినిపించాలి.

మా వైపు కడుపుతో ఉన్న పిల్లకు "తక్కువ తిను, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం" అని చెప్పడం అలవాటు. ఆడపడుచుకూ అదే చెప్పారు. ఇదంతా చదివి వినిపిస్తే అత్తమ్మ ఏమీ మాట్లాడలేదు, లోపలికి వెళ్లిపోయింది.

పాప ఇప్పుడు వాళ్ల నాన్నతో రోజూ సాయంత్రం నడుస్తోంది. ఇంటికి కూల్‌డ్రింకులు రావడం లేదు. రాత్రికి అన్నం బదులు జొన్నరొట్టె, పప్పు. నలుపు కొంచెం తగ్గింది.

మా తోడికోడలికి ఐదో నెల. పొద్దున గుడ్డు, సాయంత్రం చెనిక్కాయల ఉండలు అత్తమ్మే దగ్గరుండి పెడుతోంది. "బిడ్డ పెద్దదవుతుందేమో అత్తమ్మా" అన్నాను నవ్వుతూ.

"కానీలే, ఆస్పత్రులున్నాయి" అంది.